భూస్వరూప శాస్త్రజ్ఞుల ప్రపంచ సభ: దాని ఏర్పాట్లు, అందు మన పాలు

(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై మనము సాధారణముగా తెలుగు తరగతులను గురించియో, పాఠ్యపుస్తకములు సకాలమున చేరకపోవుటను గురించియో మాటలాడుకొందుము. నేడు శాస్త్రజ్ఞుల సభ ఏర్పాట్లను గురించి ప్రసంగింప పూనుకొన్నందుకు కొందరు ఆశ్చర్యపడవచ్చును. ఆ ఏర్పాట్లకును, మన ఇండ్లలోని భాషకును దగ్గర సంబంధము కలదని మా అభిప్రాయము. అది ఎట్టి సంబంధమో తెలియవలెనన్న ముందుగా ఆ సభ ఎట్టిదో చెప్పవలెను.

కొండలు, లోయలు, నదులు, డెల్టాలు, ఇసుక దిబ్బలు, సముద్రతీరములు మున్నగువాని రూపములను, ఆ రూపములను దిద్దుచున్న నీరు, గాలి, మంచు, అలల పనిని పరిశీలించు శాస్త్రమును భూస్వరూప శాస్త్రమందురు. ఇది చాలకాలము భూగర్భ శాస్త్రమునకును భూగోళ శాస్త్రమునకును నడుమ, రెండిండ్ల బిడ్డవలె పెరిగినది. భూగోళ శాస్త్రజ్ఞుల ప్రపంచ సభలు 1871లో ఆంట్‌వర్ప్ నగరమునను, భూగర్భ శాస్త్రజ్ఞుల సభలు 1878లో పారిస్ నగరమునను ఆరంభమైనవి. భూస్వరూప శాస్త్రజ్ఞులు మాత్రము తమకై యొక ప్రపంచ సభను జరుపుకొనుటకు 1985 వరకు వేచియుండవలసి వచ్చెను. ఆ మొదటి సభ ఇంగ్లండులోని మాంచెస్టరులో జరిగెను. 1989లో జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్టులో రెండవసారి కూడినపుడు అంతర్జాతీయ భూస్వరూప శాస్త్రజ్ఞుల సంఘము ఏర్పడెను. డెనిస్ బ్రన్స్‌డెన్ దానికి ప్రథమాధ్యక్షుడు. తరువాత నాలుగేండ్లకొకసారి హామిల్టన్, బొలోనా, టోకియో, జరగోజా, మెల్‌బోర్న్, పారిస్ నగరములలో సభలు జరిగినవి. తొమ్మిదవ సభ 2017 నవంబరులో మన న్యూఢిల్లీ విజ్ఞాన భవనమున జరిగెను. పదవది పోర్చుగల్ దేశపు కోయింబ్రాలో 2021లో జరుగవలసియుండగా, మహమ్మారి కారణమున 2022కు వాయిదా పడెను. పదునొకండవ సభకు న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చి నగరము ఎన్నుకొనబడెను.

ఈ కడపటి ఊరిని గురించి ఒక్క మాట. 2011 ఫిబ్రవరి 22న వచ్చిన భూకంపమున ఆ నగరప్రాంతములో 185 మంది మరణించిరి. నేలలోని నీరును, ఇసుకయు కలసి బురదగా పైకి పొంగి వీధులను నింపెను. ఊరి దక్షిణమున కొండలనుండి బండలు దొర్లి ఇండ్లమీద పడెను. అట్టి ఊరు, నేల కదలికలను పరిశీలించువారిని తన యింటికి పిలుచుకొనుటలో ఒక నిండుదనమున్నది. సభాస్థలమును ఎన్నుకొనుటలో విమానములును విడిది గృహములును మాత్రమే లెక్కకు రావు. ఆ చుట్టుపట్ల నేల ఏమి చెప్పగలదన్నది మొదటి లెక్క.

ఇక్కడనే ఈ సభకును తక్కిన సభలకును భేదము. గణితశాస్త్రజ్ఞులు ఏ యూరి మందిరమున కూర్చున్నను వారి గణితము మారదు. వైద్యులు తమ పటములను, నమూనాలను పెట్టెలో పెట్టుకొని రాగలరు. నది మలుపును పెట్టెలో పెట్టుకొని రాజాలము. కనుక భూస్వరూప శాస్త్రజ్ఞుల సభలో ఉపన్యాసములు సగమైనచో, క్షేత్రయాత్రలు తక్కిన సగము. సభకు ముందు కొన్ని యాత్రలు, సభ నడుమ ఒకరోజు యాత్ర, సభానంతరమున మరికొన్ని యాత్రలు జరుపుట పరిపాటి. ఇది నిన్న మొన్న పుట్టిన వాడుక కాదు. 1912లో అమెరికను భూగోళ శాస్త్ర సంఘమువారు ఐరోపానుండి నలువదిమందికి పైగా పండితులను పిలిపించి, విలియం మోరిస్ డేవిస్ నాయకత్వమున ప్రత్యేకమైన రైలులో ఎనిమిది వారములకు దాపుగా ఆ ఖండము నీ చివరనుండి ఆ చివరకు త్రిప్పి చూపించిరి. పయనించిన దూరము సుమారు 13,000 మైళ్లు. రైలు ఆగిన చోటనెల్ల దిగుట, కొండ నెక్కుట, వాదించుకొనుట, మరల రైలెక్కుట. నదీ లోయలు బాల్య, యౌవన, వార్ధక్య దశలను పొందునని సిద్ధాంతము చేసిన డేవిస్, తన వాదమును ఒప్పనివారికి సయితము తన దేశపు నేలను చూపుటకు జంకలేదు. నేటికిని ఇట్టి యాత్రల మర్యాద అదియే. నాయకుడు తన అభిప్రాయమును చెప్పును, ఆ నేల యెదుటనే అతిథి దానిని కాదనును.

ఇక ఏర్పాట్ల సంగతి. ఆతిథ్యమీయగోరిన దేశపు సంఘము చాల యేండ్లు ముందుగనే ఆహ్వానము పంపవలెను. సభ్యదేశముల ప్రతినిధులు దానిని ఆమోదించిన తరువాత విషయ నిర్ణయ సంఘము, స్థానిక కార్యవర్గము, ధనసంఘము ఏర్పడును. నదులకొకటి, తీరములకొకటి, హిమానీనదములకొకటి, ఎడారులకొకటి, కొండచరియలకొకటి ఇట్లు శాఖలను విభజించి, వానికి పెద్దలను నియమించి, వ్యాస సారాంశములను రప్పించి, పరీక్షించి, కాలపట్టికను కూర్చవలెను. ప్రవేశ రుసుము ఎంత పెట్టవలెనన్నది ప్రతిచోట తగవే. తక్కువ పెట్టినచో లెక్క కుదరదు. ఎక్కువ పెట్టినచో పేద దేశములవారును, విద్యార్థులును రాలేరు. యువ పరిశోధకులకు ప్రయాణపు ఖర్చులకై సహాయము చేయుటయు, వారికి ప్రత్యేక శిక్షణ నిచ్చుటయు ఈ సంఘమున సంప్రదాయమై యున్నది. ఇవన్నియు ఏ సభకైనను ఉండు చిక్కులే కనుక వీనిపై మేము నిలువము.

మన దేశమునకు వచ్చినచో కొన్ని ప్రత్యేకపు చిక్కులు కలవు. సభకు వచ్చు విదేశీయులకు వేరు తరగతి వీసా కావలెను. దానికి ప్రభుత్వ శాఖల అనుమతులు ముందుగనే తెచ్చుకొనవలెను. సరిహద్దు మండలములలోనికి పోవుటకు విడి అనుమతి వలయును. అడవిలో అడుగు పెట్టుటకు అటవీశాఖ సెలవు కావలెను. తీరప్రాంతముల స్థలపటములు చాలకాలము సామాన్యుల చేతికి అందనివై యుండెను. 2021లో కేంద్ర ప్రభుత్వము నిబంధనలను సడలించిన తరువాత ఈ కష్టము చాలవరకు తగ్గినది. పటము లేని క్షేత్రయాత్ర వంటకము లేని విందు వంటిది గదా.

ఋతు నిర్ణయము మరియొక పెద్ద ప్రశ్న. వానకాలమున నదులు తమ నిజమైన పనిని చూపును గాని బస్సులు పోలేవు. వేసవిలో పరదేశీయులు ఎండకు తాళలేరు. కనుక నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు గల చల్లని నెలలే మిగులును. 2017లో ఢిల్లీ సభ నవంబరు 6 నుండి 11 వరకు జరిగెను. ఆ వారముననే, 7వ తేదీ మొదలు, రాజధానిని దట్టమైన విషధూమము క్రమ్మెను. పాఠశాలలు మూయబడెను. గాలి మోసికొనివచ్చు ధూళిని గురించి వ్యాసములు చదువ వచ్చినవారికి ఆ ధూళియే ద్వారముకడ ఎదురు వచ్చెను. ఉత్తరాదిని పంటకోతల తరువాత కొయ్యకాళ్లను కాల్చు కాలము, గాలి నిలిచిపోవు కాలము, సభకు అనువైన కాలము ఒక్కటే యగుట దురదృష్టము. దక్షిణమునను తూర్పుతీరమునను అదే నవంబరులో తుపానుల భయము. దేశమెంత పెద్దదైనను అన్ని విధముల మంచి నెల ఎక్కడను లేదు.

దీనికన్న పెద్ద దెబ్బ భూగర్భ శాస్త్రజ్ఞుల సభకు తగిలినది. వారి 22వ ప్రపంచ సభ 1964లో న్యూఢిల్లీలో జరిగెను; ఆసియా ఖండమున అదియే మొదటిది. 1968లో భూగోళ శాస్త్రజ్ఞుల సభయు అక్కడనే జరిగెను. అప్పటి ప్రపంచ సంఘాధ్యక్షుడు మన శివప్రసాద చటర్జీ. మరల భూగర్భ శాస్త్రజ్ఞులను పిలుచుకొనుటకు మనకు అర్ధ శతాబ్దము పట్టెను. 2012లో బ్రిస్బేన్ నగరమున మన ఆహ్వానము నెగ్గెను. బంగ్లాదేశము, నేపాలము, శ్రీలంకలతో కలసి మన దేశమువారు ఎనిమిదేండ్లు పాటుపడి 36వ సభను 2020 మార్చి నెలకు సిద్ధము చేసిరి. ఇంతలో మహమ్మారి వచ్చెను. సభ వాయిదాపడి, మరల వాయిదాపడి, తుదకు 2022 మార్చిలో మూడు దినములు తెరలమీద జరిగెను. ఉపన్యాసములు తెరలమీద వినబడును, కాదనము. కాని కాలిక్రింద రాయి లేదు, చేతిలో మట్టి లేదు. ఎనిమిదేండ్ల ఏర్పాటులో మిక్కిలి నష్టపడినది క్షేత్రయాత్రల భాగమే యని మా భావము. ఉపన్యాసమును మరల చదువవచ్చును, బండితో సిద్ధముగానున్న బాటను మరల కూర్చుట కష్టము.

అట్టి బాట ఎట్లు కూర్తురో తెలియుటకు మనమొక యాత్రను ఊహింతము. ఢిల్లీలోనో, హైదరాబాదులోనో సభ ముగిసినదనుకొనుడు. నలువదిమంది అతిథులను ఐదు దినములపాటు తూర్పు తీరమునకు తీసికొనిపోవలెను. ఎక్కడ మొదలు పెట్టవలెను?

విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ ఎర్రమట్టి దిబ్బలు కలవు. చూచిన కంటికి మట్టిగుట్టలు. ఎరిగిన కంటికి సముద్రపు దినచర్య పుస్తకము. సుమారు ఇరువది వేల యేండ్ల క్రిందట ప్రపంచమునందలి నీరు మంచుగా గడ్డకట్టినందున సముద్రమట్టము ఇప్పటికన్న సుమారు 120 మీటర్లు దిగువన ఉండెను. సముద్రగర్భము చాలదూరము బయటపడెను. ఆ యిసుకను గాలి ఎగురగొట్టి తీరమున పోసెను. ఇసుకలోని ఇనుము కాలక్రమమున త్రుప్పుపట్టి ఎర్రనయ్యెను. పిదప వానలు దానిని కోసి ఇరుకు గండ్లుగా చీల్చెను. ఇట్టి ఎర్ర ఇసుకలే తమిళనాట తూత్తుకుడి, తిరునెల్వేలి ప్రాంతములందు కలవు. అక్కడివారు వానిని తేరి యందురు. ఎర్రమట్టి దిబ్బలు 2025లో యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేరినవి. ఇక్కడ యాత్రా నాయకుని మొదటి పని ఉపన్యాసము కాదు. నలువదిమంది ఒక్కసారిగా గండి యంచున నిలువకుండ చూచుట. మెత్తని మట్టి, ఎక్కినచో కూలును. శాస్త్రజ్ఞుల పాదములును పాదములే. కనుక పదేసిమందిని నాలుగు జట్లుగా పంపవలెను. ఇట్టి సంగతి మార్గదర్శినిలో వ్రాసిపెట్టవలెను.

తరువాత గోదావరి డెల్టా. త్ర్యంబకమున పుట్టి 1,465 కిలోమీటర్లు నడచిన నది ధవళేశ్వరము దాటి గౌతమియు, వసిష్ఠయు అయి చీలుచున్నది. 1852 నాటికి ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట చూపరులకు తప్పదు. కాని భూస్వరూప శాస్త్రజ్ఞుడు ఆనకట్టకన్న పొలములలోని మెరకలను ఎక్కువ ఆసక్తితో చూచును. డెల్టాలో తీరమునకు వరుసగా సాగు ఇసుక మెరకలన్నియు ఒకప్పటి సముద్రతీరములు. నది ఒండ్రు తెచ్చి పోయుకొలది సముద్రము వెనుకకు జరిగెను. విడిచిపెట్టిన తీరము మెరకగా మిగిలెను. పల్లములో వరి పండును, మెరకమీద ఊరు నిలుచును. ఊళ్లు ఒక వరుసలో ఏల యున్నవని అడుగు అతిథికి ఇంతకన్న మంచి జవాబు లేదు.

అక్కడినుండి యానాము. మన పాఠకులలో కొందరి సొంత ఊరు. ఈ గౌతమీతీరపు ఊరు పుదుచ్చేరి పాలనకు చెందినది, చుట్టును ఆంధ్రప్రదేశము. కనుక యాత్రకు రెండు ప్రభుత్వముల అనుమతి కావలెను. బస్సు పది నిమిషములలో దాటు సరిహద్దునకు పత్రములు మాత్రము నెలల ముందు కదలవలెను. యానామువారికి నదీక్రియలను ఎవరును బోధింప నక్కరలేదు. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు తుపానును చూచినవారు ఇంకను ఇండ్లలోనున్నారు. ఆవల కోరంగి మడ అడవులు. వానికి ముందు హోప్ ద్వీపము, గత రెండు శతాబ్దములలో గౌతమి ఒండ్రుతో, అలలతో పెరిగిన ఇసుక నాలుక. కోరంగి రేవును 1839 నవంబరు ఉప్పెన పాడుచేసెను. ఇక్కడ యాత్ర ఆటుపోటుల పట్టిక ననుసరించి నడువవలెను. అతిథుల భోజనవేళ ననుసరించి కాదు. పోటు తగ్గినపుడు పడవ బురదలో దిగబడినచో ఆరుగంటలు ఉపన్యాసము వినక తప్పదు.

పిదప ఉప్పాడ. అక్కడ సముద్రము ఊరిని కోయుచున్నది. నది నేలను పెంచిన చోటును, సముద్రము నేలను తినుచున్న చోటును ఒక్క దినమున చూపుట ఈ యాత్రకు ప్రాణము. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్క ననుసరించి 1970 దశకమున గోదావరి ఏటేట సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును దిగువకు తెచ్చుచుండగా, ఈ శతాబ్దపు తొలి సంవత్సరములకు అది 6 కోట్ల టన్నులకు లోబడినది. ఎగువ జలాశయములలో ఒండ్రు ఆగిపోవుటయే ముఖ్యకారణమని వారందురు. డెల్టా ముందునకు పెరుగుట మాని వెనుకకు జరుగుచున్నది. ఎగువ పొలమునకు నీరు కావలెను, దిగువ ఊరికి నేల కావలెను. ఈ తగవును నలువదిమంది పండితులు వచ్చి తీర్పజాలరు. అయినను నైలు డెల్టాలో, మిసిసిపీ డెల్టాలో ఇదే రోగమును చూచినవారు వారిలో నుందురు. వారి మాట వినుట తీరమువారి హక్కు. కావుననే ఉప్పాడవద్ద ఉపన్యాసమునకు అర్ధగంటయు, ఊరివారి ప్రశ్నలకు గంటయు కేటాయింపవలెనని మేము పట్టుబట్టుదుము. సాధారణముగా జరుగునది తలక్రిందులు. ఊరివారు దూరముగా నిలిచి చూచుచుందురు, అతిథులు ఛాయాచిత్రములు తీసికొని బస్సెక్కుదురు.

ప్రశ్నలకు గంట యిచ్చినంత మాత్రమున సరిపోదు. మాట నందించువారు కావలెను. మన పాలు ఇక్కడ మొదలగుచున్నది.

మార్గదర్శిని వ్రాయువాడు లంకను ద్వీపమని వ్రాసిన, సగము అర్థము నీటిపాలగును. లంక యనగా నది తన ఒండ్రుతో తన నడుమ నిలిపిన నేల. పొగాకో కూరగాయలో పండు నేల. వరదలో మునుగు నేల. ఈ యేడు ఇక్కడ కోసి, వచ్చు నేడు అక్కడ వేయు నేల. ఒక్క మాటలో ఇంత క్రియ యిమిడియున్నది. దీవి వేరు, తిప్ప వేరు, దిబ్బ వేరు. ఉప్పుతేరిన పల్లపు నేల పర్ర. నది సముద్రములో కలియుచోటు మొగ. ఈ మాటలు వాడువారికి నేల ఏమి చేయుచున్నదో తెలియును. రేగడి అను మన మాట రెగర్ అను రూపమున ఇంగ్లీషు శాస్త్రగ్రంథములలో నల్లనేలకు పేరై నిలిచెను. ఒకనాడు ఏ రైతో చెప్పగా, ఏ అధికారియో విని వ్రాసికొనియుండును. వ్రాసికొననందున పోయిన మాటలెన్నియో!

మనవారు సరిహద్దులకు ఆవల నుండుట ఇక్కడ లోపము కాదు, లాభము. షోలాపురమున స్థిరపడినవారు లావారాళ్ల పీఠభూమిమీద ఉన్నారు. బళ్లారివారికి హంపి గుండ్ల కొండలు పొరుగు. నేలలోపల లక్షలయేండ్లు శిథిలమై, పైమట్టి కొట్టుకొనిపోగా బయటపడిన నల్లరాతి గుండ్లవి. బరంపురమువారికి చిల్క సరస్సు, దానిని సముద్రమునుండి వేరుచేయు ఇసుకకట్ట దగ్గర. ఈ కుటుంబములు తరతరములుగా రెండు భాషలలో నేలను పిలిచినవి. దిబ్బ యన్న కన్నడిగునకును తెలియును. తేరి యన్న తమిళునకు తెలియును, అక్కడి మన రైతునకును తెలియును. ఒకే వాగునకు రెండు పేర్లు గల చోట, రెండును ఎరిగినవాడు పటము వ్రాయువానికి ఎంతటి సహాయుడో వేరుగ చెప్పనక్కరలేదు. పొరుగు భాషలపై మాకు కినుక లేదు. మన పిల్లలు వానిలో చదువుకొని పైకి వచ్చుచున్నారు. కాని ఆ పిల్లలకు పర్ర యనిన తెలియదు, మొగ యనిన తెలియదు. తాతలకు తెలియును, వారు వ్రాసియుంచలేదు.

కనుక మన శాఖలకు రెండు పనులు సూచించుచున్నాము. ఒకటి, భూగోళమో భూగర్భమో చదువుచున్న మన విద్యార్థుల పేర్లను ప్రతి శాఖయు సిద్ధముగా ఉంచవలెను. ఇట్టి సభ మరల మన దేశమునకు వచ్చినపుడు, లేదా చిన్నదైన ప్రాంతీయ సభ సమీపమున జరిగినపుడు, యాత్రానాయకులకు వ్రాసి, దుబాసీలుగా వారిని పంపవచ్చును. బస్సులో ఒక చోటు దొరికిన చాలును. ఆ ఐదు దినములలో ఆ బిడ్డ నేర్చుకొనునది ఒక సంవత్సరపు చదువునకు తక్కువ కాదు.

రెండవది సభకై వేచియుండ నక్కరలేనిది. సంఘ కార్యాలయమున గీతలు గీసిన పుస్తకములు ఉంచబడినవి. ఒక్కొక్క పుటలో ఐదు గడులు: నేలకు మనవారు వాడు పేరు, పొరుగువారు వాడు పేరు, అది ఏ యూరికి ఏ దిక్కున నున్నది, వానకాలమున అక్కడ నీరు ఏమి చేయును, చెప్పినవారి వయస్సు. చెప్పినవారి పేరు వ్రాయవలెనా యని కొందరు అడిగిరి. వారికి ఇష్టమైనచో వ్రాయుడు, లేనిచో వయస్సు చాలును. పేరు విన్నంతనే అర్థము ఊహించి వ్రాయవద్దు. ఆ చోటికి పోయి చూచి వ్రాయుడు. తీరపు ఊళ్లకు పోవువారు సిరా కలములు మాని పెన్సిళ్లు తీసికొనిపోవలెను. ఉప్పుగాలి చెమ్మకు సిరా అలుకుకొనిపోవును.